ఆకాశంలో దొరికిన జీవి ఎక్కడిది?

శంషాబాద్ దగ్గర ఒక ఊరు. రాత్రి ఏడు గంటలు. వంటలు అయిపోయాయి. వేపచెట్టు కింద నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. తల మీదుగా విమానం పోయింది. మాటలు ఆగాయి. విమానం దాటిపోయాక మళ్లీ మొదలయ్యాయి. 2008 మార్చిలో ఇక్కడ పెద్ద విమానాశ్రయం మొదలైంది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్లలో ముచ్చట్లు ఇట్లాగే ఆగి ఆగి నడుస్తాయి.

ఆ రోజు ఒక అవ్వ ఒక మాట అడిగింది.

"పైన చుక్కలల్ల గూడ పానం ఉన్న జీవులున్నయట. ఒకపారి వికారాబాద్ దిక్కు పొలంల దిగినయని అన్నరు. నిజమేనా?"

అవ్వ కోడలు విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఆమె నవ్వింది.

"గది బుగ్గకు కట్టిన డబ్బా అత్తమ్మా. నేను ఫోన్ల జూసిన. అండ్ల ఎవ్వరు లేరు."

కోడలు చెప్పింది నిజం. కాని అవ్వ అడిగింది కూడా తీసి పారేసే మాట కాదు. ముందు కోడలు మాట చూద్దాం. తరువాత అవ్వ మాటకు వద్దాం.

అది 2022 డిసెంబరు నెల. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక ఊరి పొలాల్లో పెద్ద డబ్బా లాంటి వస్తువు దిగింది. అట్లాంటిది ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. జనం గుంపులు గుంపులుగా వచ్చారు. వేరే లోకం వాళ్లు వచ్చారని పుకారు పుట్టింది. తీరా చూస్తే అది హైదరాబాదు నుంచి బెలూన్‌కు కట్టి పైకి పంపిన డబ్బా. మనుషులను ఎత్తుకు తీసుకుపోయి చూపించాలని స్పెయిన్ దేశపు కంపెనీ ఒకటి అనుకుంది. అందుకోసం ముందుగా ఖాళీ డబ్బాను పంపి పరీక్ష చేసింది.

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర ఒక బెలూన్ కేంద్రం ఉంది. దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనే సంస్థ నడుపుతుంది. అక్కడి నుంచి ఎన్నో ఏళ్లుగా పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేస్తున్నారు. జాతరలో పిల్లలకు కొనే బుగ్గ లాంటివి కావు అవి. పల్చటి ప్లాస్టిక్ కాగితంతో చేస్తారు. లోపల హైడ్రోజన్ నింపుతారు. హైడ్రోజన్ మామూలు గాలి కంటే చాలా తేలిక. అందుకని బెలూన్ పైకి లేస్తుంది. కింద తాడుకు పరికరాల పెట్టె వేలాడుతుంది. పని అయిపోయాక పెట్టెను బెలూన్ నుంచి విడదీస్తారు. అది రంగుల గొడుగు కట్టుకుని కిందికి దిగుతుంది. ఆ గొడుగునే పారాచూట్ అంటారు.

గాలి ఎటు తీసుకుపోతే పెట్టె అటు పోతుంది. మెదక్‌లో పడవచ్చు. మహబూబ్‌నగర్‌లో పడవచ్చు. కర్ణాటకలో, మహారాష్ట్రలో పడవచ్చు. అందుకే బెలూన్లు ఎగరేసే ముందు పేపర్లలో ప్రకటన వేస్తారు. పెట్టె కనిపిస్తే ముట్టుకోవద్దు, విప్పవద్దు, పోలీసులకు చెప్పండి అని అందులో ఉంటుంది. కొన్ని పరికరాలలో కరెంటు ఉంటుంది. ముట్టుకుంటే ప్రమాదం. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్క చెయ్యి లోపల పడితే ఏళ్ల తరబడి చేసిన పని పాడవుతుంది. ఎట్లా పాడవుతుందో ముందు ముందు తెలుస్తుంది.

కోడలికి ఈ మాట కొత్త కాదు. విమానాశ్రయంలో పనికి చేరిన మొదటి రోజే ఆమెకు చెప్పారు. ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే ముట్టుకోవద్దు, సెక్యూరిటీ వాళ్లను పిలువు అని.

ఇక అవ్వ మాట.

అవ్వ అడిగింది మనుషుల గురించో, దెయ్యాల గురించో కాదు. పానం ఉన్న జీవుల గురించి. జీవి అంటే పెద్దదే కానక్కరలేదు. కంటికి కనిపించని జీవులు మన ఇంట్లోనే కోట్లు ఉన్నాయి. వాటిని సూక్ష్మజీవులు అంటారు. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తాం. తెల్లారేసరికి పెరుగు అవుతుంది. ఆ పని చేసింది సూక్ష్మజీవులే. దోసెల పిండి పొంగేది వాటి వల్లే. మురికి నీళ్లు తాగితే పిల్లలకు విరేచనాలు పట్టుకునేది కూడా ఎక్కువగా వాటి వల్లే. కొన్ని మేలు చేస్తాయి, కొన్ని కీడు చేస్తాయి. చాలా వాటికి మనతో పనే లేదు.

భూమి మీద ఇవి లేని చోటు దొరకడం కష్టం. ఉడుకు నీళ్ల గుండాలలో ఉన్నాయి. మంచు కింద ఉన్నాయి. ఉప్పు మడుల్లో ఉన్నాయి. మరి ఆకాశంలో ఎంత ఎత్తు దాకా ఉన్నాయి? భూమి బయట కూడా ఉన్నాయా? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలకూ వచ్చింది. దానికి జవాబు వెతికే ప్రయత్నం ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది.

2005 ఏప్రిల్ 20. బెలూన్ కేంద్రం నుంచి ఒక బెలూన్ లేచింది. దాని లోపల 2 కోట్ల 67 లక్షల ఘనపు అడుగుల చోటు ఉంది. కింద 459 కిలోల పరికరాలు ఉన్నాయి. ఖర్చు భరించింది ఇస్రో. శ్రీహరికోట నుంచి రాకెట్లు పంపే సంస్థ అదే. ఈ పరిశోధనకు పెద్ద దిక్కు జయంత్ నార్లీకర్ అనే శాస్త్రవేత్త. ఆయన 2025లో చనిపోయారు. ఇట్లాంటి ప్రయత్నమే 2001లో ఒకసారి హైదరాబాదు నుంచి చేశారు. ఇది రెండోసారి.

ఆ పెట్టెలో 16 ఉక్కు గొట్టాలు ఉన్నాయి. గొట్టాలను ముందే శుద్ధి చేశారు. లోపలి గాలి అంతా తీసేసి మూతలు బిగించారు. చుట్టూ నియాన్ అనే ద్రవం పోశారు. అది ఎంత చల్లగా ఉంటుందంటే, మంచు గడ్డ కట్టే చలి కంటే ఇంకా 246 డిగ్రీలు కింద. పైకి పోయాక కింది నుంచి సైగ పంపితే ఒక్కో గొట్టం మూత తెరుచుకుంటుంది. బయటి గాలి లోపలికి వస్తుంది. వచ్చిన గాలి ఆ చలికి గొట్టం గోడలకు గడ్డ కడుతుంది. చోటు ఖాళీ అయి ఇంకా గాలి వస్తుంది. అదీ గడ్డ కడుతుంది. ఇట్లా చేస్తే తప్ప అక్కడ చాలినంత గాలి దొరకదు. అంత ఎత్తున గాలి చాలా పల్చగా ఉంటుంది.

ఎంత ఎత్తు? 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల దాకా. శంషాబాద్ నుంచి లేచిన పెద్ద విమానం బాగా పైకి పోతే 10, 11 కిలోమీటర్లు పోతుంది. బెలూన్ దానికి దాదాపు నాలుగింతలు పైకి పోయింది. శంషాబాద్ నుంచి బెంగుళూరు రోడ్డు మీద షాద్‌నగర్ దాటి ఇంకా పోతే ఎంత దూరమో, అంత దూరం నిట్టనిలువుగా పైకి అనుకోండి.

అక్కడ బతకడం మాటలు కాదు. తాగడానికి నీళ్లు లేవు, తినడానికి తిండి లేదు. గడ్డకట్టించే చలి. దానికి తోడు ఎండలో ఉండే అతినీల కిరణాలు. కింద ఉన్న మన దాకా వచ్చేసరికి వాటిలో చాలా భాగాన్ని ఓజోన్ పొర ఆపేస్తుంది. 41 కిలోమీటర్ల ఎత్తున ఆ పొర చాలా వరకు కిందనే ఉండిపోతుంది. అడ్డు లేని ఎండ సూక్ష్మజీవులను చంపేస్తుంది. మనం పరుపులు, బొంతలు ఎండలో వేసేది ఎందుకో గుర్తు చేసుకోండి.

గొట్టాలు క్షేమంగా కిందికి దిగాయి. వాటిని హైదరాబాదు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. అనే పరిశోధన సంస్థ, పూణేలోని ఇంకో సంస్థ పరీక్ష చేశాయి. సి.సి.ఎం.బి.లో ఈ పని చూసింది ఎస్. శివాజీ, పూణేలో యోగేశ్ శౌచే. తొందర పడలేదు. ఫలితం చెప్పడానికి దాదాపు నాలుగేళ్లు తీసుకున్నారు. 2009 మార్చిలో ఇస్రో ఆ సంగతి బయటపెట్టింది.

గొట్టాల్లో జీవులు ఉన్నాయి! 12 బాక్టీరియా గుంపులు, 6 బూజు జాతి గుంపులు దొరికాయి. బాక్టీరియాలో తొమ్మిది, భూమి మీద ముందే తెలిసిన వాటికి నూటికి 98 పాళ్ల కంటే ఎక్కువగా సరిపోయాయి. మూడు మాత్రం అంతకు ముందు ఎవరూ చూడనివి. పైగా ఆ మూడూ తమ దగ్గరి చుట్టాల కంటే అతినీల కిరణాలను బాగా తట్టుకున్నాయి.

కొత్త జీవి దొరికితే పేరు పెట్టాలి. మనం బిడ్డకు తాత పేరో, అవ్వ పేరో పెట్టినట్టే శాస్త్రవేత్తలూ పెడతారు. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. ఆయన ఇంగ్లండు శాస్త్రవేత్త, నార్లీకర్‌కు గురువు. సూక్ష్మజీవులు భూమి బయటి నుంచి రావచ్చని గట్టిగా వాదించినవాడు. రెండో దానికి ఇస్రో పేరు, మూడో దానికి ఆర్యభటుడి పేరు పెట్టారు.

ఇంత దాకా చెబితే వేపచెట్టు కింద అవ్వ ఏమంటుంది? "చూసిన్రా, నేను చెప్పలే! పైన ఉన్నయి" అంటుంది.

ఆగండి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పైన దొరికింది, సరే. పైన పుట్టిందా?

దీనికి మామిడికాయ తొక్కు జాడీని తలుచుకోండి. ఎండాకాలంలో తొక్కు పెడతాం. జాడీ కడిగి, ఎండబెట్టి, తడి లేకుండా తుడిచి పెడతాం. నూనె పైకి తేలేట్టు పోస్తాం. తడి చెయ్యి పెట్టనివ్వం. ఎంగిలి చెంచా పెట్టనివ్వం. ఇంత చేసినా ఒక రోజు మూత తీస్తే బూజు కనిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చింది? జాడీలోనే మిగిలి ఉందా? కాయతో వచ్చిందా? కోడలి చేతిదా, అత్త చేతిదా? ఇంట్లో కొట్లాట అవుతుంది కాని జవాబు తేలదు. బూజును చూడడం తేలిక. దాని ఇల్లు ఎక్కడో చెప్పడం కష్టం.

శాస్త్రవేత్తలకూ అదే కష్టం. గొట్టాలలోకి భూమి సూక్ష్మజీవులు చేరకుండా జాగ్రత్తలు తీసుకున్నారు. అయినా వాటిని చేసింది భూమి మీద, ఎగరేసింది భూమి మీది నుంచి, తెరిచింది భూమి మీద. కింది గాలిలో, దుమ్ములో, మనిషి చర్మం మీద, ఊపిరిలో సూక్ష్మజీవులు ఉన్నాయి. దారిలో పడ్డ పెట్టెను ఎవరైనా వట్టి చేత్తో విప్పితే ఏమవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు లోపల దొరికింది ఆకాశానిదా, ఆ చేతిదా అని ఎవరు చెప్పగలరు?

సరే, గొట్టాలు శుద్ధంగానే ఉన్నాయి అనుకుందాం. జీవులు నిజంగా ఆ ఎత్తునే ఉన్నాయి అనుకుందాం. అప్పుడు కూడా రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కింది నుంచి పైకి పోవడం. అగ్నిపర్వతం పేలితే బూడిద చాలా ఎత్తుకు లేస్తుంది. పెద్ద గాలివానలు దుమ్మును పైకి తోస్తాయి. ఆ దుమ్ముతో సూక్ష్మజీవులు పోవచ్చు. రెండోది, పై నుంచి కిందికి రావడం. తోకచుక్కల దుమ్ము రోజూ భూమి మీద రాలుతూనే ఉంటుంది. ఆ దుమ్ముతో రావచ్చు అని హాయిల్ వాదం. చాలా మంది శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు.

ఇస్రో 2009లో ఏమంది? ఈ జీవులు వేరే లోకం నుంచి వచ్చాయని ఈ పరీక్షతో రుజువు కాలేదు అంది. ఇంకా వెతకడానికి మాత్రం ఉత్సాహం ఇచ్చింది అంది. గొప్పకు పోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పేపర్ల వాళ్లు, టీవీల వాళ్లు మాత్రం ఎప్పటిలాగే కొంచెం మసాలా చేర్చారు.

తరువాత ఇంకో సంగతి జరిగింది. ఆర్యభటుడి పేరు పెట్టిన ఆ సూక్ష్మజీవి భూమి మీదే దొరికింది! ఒక చోట కాదు, చాలా చోట్ల. టీ తోటలలో మొక్కల వేళ్ల దగ్గర దొరికింది. కొరియా దేశంలో సోయా చేను మట్టిలో దొరికింది. అది మొక్క పెరగడానికి సాయం కూడా చేస్తుందని తెలిసింది. 41 కిలోమీటర్ల దాకా వెతికితే దొరికిన కొత్త జీవి మన కాళ్ల కింది మట్టిలో కూడా ఉంది. కాబట్టి అది కింది నుంచే పైకి పోయి ఉంటుందని అనుకోవడం న్యాయం.

ఇంకో ఆనవాలు ఉంది. అది చదువుకు సంబంధించింది. తెలుగుకు యాభై ఆరు అక్షరాలు. వాటితోనే ఉత్తరం రాస్తాం, పద్దు రాస్తాం, పాట రాస్తాం. జీవుల లోపల కూడా ఒక రాత ఉంటుంది. దాన్ని డి.ఎన్.ఎ. అంటారు. ఆ రాతకు నాలుగే నాలుగు అక్షరాలు. తులసి మొక్క, బర్రె, మనిషి, పెరుగులోని సూక్ష్మజీవి, అందరి రాతా ఆ నాలుగు అక్షరాలతోనే. గొట్టాల్లో దొరికిన జీవుల రాత కూడా అదే. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని చదివి, ఇది ఫలానా దాని చుట్టం అని చెప్పగలిగారు. ఎప్పుడైనా ఇంకో రకం అక్షరాలతో రాసుకున్న జీవి దొరికితే, అది మన భూమి కుటుంబానిది కాదని అనుమానించవచ్చు. ఇప్పటి దాకా అట్లాంటి జీవి దొరకలేదు.

మరి వేరే గ్రహాల మీద? అక్కడికే పోయి వెతుకుతున్నారు. ఎక్కువగా వెతికింది అంగారకుడి మీద. అంగారకుడు అంటే ఎవరో కాదు, మన కుజుడే. జాతకంలో కుజదోషం ఉందని ఎందరు ఆడపిల్లల పెళ్లిళ్లు ఆపారో ఆ కుజుడే. ఆయన మీద ఇప్పుడు అమెరికా వాళ్ల బండి తిరుగుతోంది. అక్కడ ఉన్నది ఎర్రటి దుమ్ము, రాళ్లు, ఎండిపోయిన ఏర్లు. ఒకప్పుడు నీళ్లు పారిన గుర్తులు ఉన్నాయి. నీళ్లు ఉన్న చోట జీవి ఉండవచ్చు అని ఆశ.

1976లో అమెరికా వాళ్లు రెండు యంత్రాలను అక్కడ దింపారు. వాటి పేరు వైకింగ్. పంపే ముందు వాటిని దాదాపు 112 డిగ్రీల వేడిలో 30 గంటలు ఉంచారు. ఎందుకు? భూమి సూక్ష్మజీవులు వాటితో పోకూడదని. మన సూక్ష్మజీవే అక్కడికి పోయి, అక్కడ మనకే దొరికితే ఏం లాభం? మన ఎంగిలి చెంచా ఆ జాడీలో పెట్టినట్టే.

ఆ యంత్రాలు అక్కడి మట్టి తీసి, తిండి కలిపిన నీళ్లు చల్లాయి. జీవులు ఉంటే తింటాయి, తింటే గాలి వదులుతాయి. ఒక పరీక్షలో నిజంగానే గాలి వచ్చింది! కొందరు జీవులున్నాయి అన్నారు. కాని ఇంకో పరికరం చూస్తే, జీవులుంటే ఉండాల్సిన పదార్థాలు ఆ మట్టిలో కనిపించలేదు. తినే సోడా మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. అందులో ప్రాణం ఉందా? లేదు. మట్టిలోని రసాయనాల వల్లే గాలి వచ్చి ఉంటుందని ఎక్కువ మంది అన్నారు. ఆ వాదన ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

మన మంగళయాన్ కూడా 2013 నవంబరులో శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014 సెప్టెంబరులో అంగారకుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మీథేన్ ఉందా అని చూసే పరికరం అందులో ఒకటి. మీథేన్ అంటే గోబర్ గ్యాస్‌లో మండే గాలి. పేడలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. రాళ్లు, నీళ్లు కలిసినా కొంత పుడుతుంది. కాబట్టి అది కనిపించినా వెంటనే జీవి ఉందని అనలేం. 2022లో మంగళయాన్ పని ముగిసింది.

2021 ఫిబ్రవరిలో పర్సెవరెన్స్ అనే బండి దిగింది. ఒకప్పుడు చెరువు ఉన్న చోట అది తిరిగింది. 2024లో దానికి ఒక రాయి కనిపించింది. దాని మీద చిరుతపులి ఒంటి మీద ఉన్నట్టు మచ్చలు. భూమి మీద ఇట్లాంటి మచ్చలు సూక్ష్మజీవుల వల్ల కూడా ఏర్పడతాయి. 2025 సెప్టెంబరులో శాస్త్రవేత్తలు ఆ రాయి గురించి రాశారు. పాత కాలపు జీవుల గుర్తు కావచ్చు అన్నారు. కావచ్చు అన్నారు, అంతే. జీవి లేకుండా కూడా అట్లాంటి మచ్చలు రావచ్చు. బండి ఆ రాయి ముక్కను గొట్టంలో పెట్టి మూత వేసింది. దాన్ని భూమికి తెచ్చి చూస్తే ఇంకా తెలుస్తుంది. ఇంతవరకు ఎవరూ తేలేదు.

"అయితే లేవన్నట్టేనా?" అని అవ్వ అడిగింది.

"లేవని గూడ ఎవరు చెప్పలే అత్తమ్మా. ఉన్నయని చెప్పలే. దేవులాడుతున్నరు" అంది కోడలు.

ఇంకో విమానం వచ్చింది. మాటలు ఆగాయి.

మీరే చేసి చూడండి

రెండు గ్లాసులు తీసుకోండి. బాగా కడిగి వేడి నీళ్లలో మరిగించండి. పాలు కాచి చల్లార్చి రెండింటిలో పోయండి. ఒక గ్లాసులో చెంచాడు పెరుగు కలపండి. రెండోదాంట్లో ఏమీ వేయవద్దు. రెండింటి మీదా మూత పెట్టండి.

మరునాడు పొద్దున చూడండి. సాయంత్రం మళ్లీ చూడండి. మొదటి గ్లాసు తోడుకుంటుంది. ఎందుకో మీకు తెలుసు. రెండో గ్లాసులో పాలు ఎప్పటికి విరిగాయో, పులిశాయో రాసి పెట్టండి. అందులో మీరు ఏమీ వేయలేదు. మరి సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి వచ్చాయి? పాలలోనే మిగిలి ఉన్నాయా? గ్లాసుతో వచ్చాయా? మూతతోనా, గాలితోనా? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. ఏది నిజమో తేల్చడానికి రేపు ఇంకో గ్లాసుతో ఏం చేస్తారో పలక మీద రాయండి.